ఉద్దానం రైతుకు నమస్కారం



ఇవాళ పట్టాలందుకుంటున్న యువ వైద్యులకు, నాకు బాగా తెలిసిన ఒక కొబ్బరి రైతు గురించి చెబుతాను. ఆయనది ఉద్దానంలో కవిటి వైపు. చాలాకాలం డయాలసిస్ మీద ఉండి, గత వేసవిలో కన్నుమూశారు. ఇంటివాళ్ల కోరిక మేరకు పేరు చెప్పడం లేదు.

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీరు చదివే ఉంటారు. చాలామందికి షుగరు ఉండదు, ఒంట్లో బాధా తెలియదు. రక్తపరీక్ష చేయించేసరికి క్రియాటినిన్ పెరిగిపోయి ఉంటుంది. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు.

వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు ఆయన మిషను పక్కన పడుకునేవారు. రోజూ పొద్దున్నే చేతికున్న ఫిస్టులాను చెవికి ఆనించుకుని మోత వినేవారు. మంచినీళ్లు చిన్న స్టీలు గ్లాసుతో కొలుచుకుని తాగేవారు. సొంత తోటలో గెలలు వేలాడుతున్నా బొండాం నీళ్లు ముట్టకూడదు, పొటాషియం పెరుగుతుంది. కొబ్బరి రైతుకు అంతకంటే శిక్ష ఏముంటుంది? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటలో సగం చెట్లను కూల్చేసింది. అప్పటికే జబ్బు బయటపడినా, దగ్గరుండి కొత్త మొక్కలు నాటించారు.

పిల్లలకు సంబంధాలు రావని ఇంటింటా జబ్బును దాచుకునే రోజుల్లో ఆయన నలుగురిలో నోరు విప్పి చెప్పారు. కుర్రాళ్లను వెంటబెట్టుకుని పరీక్షలకు తీసుకొచ్చారు. వాళ్లలో కొందరికి జబ్బు తొలిదశలోనే తెలిసింది. నేను ఆయనకు చేసిన వైద్యం కంటే ఆయన తన ఊరికి చేసిన మేలే పెద్దది.

పరిశోధన కోసం ఎవరు వచ్చి అడిగినా రక్తం, మూత్రం, బోరు నీళ్లు ఇచ్చేవారు. ఒకరోజు నన్నడిగారు: "రగతం అట్టుకెళ్లినోలు మల్లీ రాలేదేటి బాబూ? ఏటి తేలిందో సెప్పరా?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన జవాబు అందకుండానే పోయారు. ఆ అప్పు మన వైద్యులందరి మీదా ఉంది.

పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. పై చదువుకు నెఫ్రాలజీయో, కమ్యూనిటీ మెడిసినో ఎంచుకునేవాళ్లు అటువైపు వెళ్లండి. ఎక్కడ పనిచేసినా, ఎవరి రక్తం తీసుకున్నా, ఫలితం వాళ్ల గడపకు వెళ్లి వాళ్ల మాటల్లో చెప్పండి. ఏమీ తేలకపోతే, తేలలేదనే చెప్పండి.