ఏ తుపాకీకి ఆ గుండు

గాజుల మలారం దించినవాళ్లు ముందు చూసేది రంగు కాదు, చెయ్యి. వేళ్లు దగ్గరకు నొక్కి చూసి రెండుంబావు అనో, రెండున్నర అనో చెప్పేస్తారు. రెండింటికీ తేడా పావు అంగుళమే. వదులు గాజు పనిలో జారిపోతుంది, బిగువు గాజు చిట్లి చేతిని కోస్తుంది. నేనివాళ చెప్పబోయే చేతిపనిలోనూ ఇదే లెక్క. కాకపోతే అక్కడ తేడాను అంగుళంలో వెయ్యో వంతుల్లో చూస్తారు. అది అమెరికాలో లీవర్ రైఫిల్‌కు సరిపడా సీసపు గుండ్లు పోసుకునే పని.

లీవర్ రైఫిల్ మనకు కౌబాయ్ సినిమాల వల్ల తెలుసు. ఆ వేషాన్ని తెలుగు తెరకు తెచ్చింది 1971లో వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’. ఈ రైఫిల్‌లో మీట దగ్గర వేళ్లు దూరే కొంకి ఉంటుంది. దాన్ని కిందికి దించి పైకి లాగితే కాలిన తూటా బయటపడి, కొత్తది లోపలికి వెళుతుంది. ఈ తరహాలో పేరుమోసింది 1873 నాటి వించెస్టర్. ఏడు లక్షలకు పైగా తయారైంది. దానికి వేసే తూటాను 44-40 అంటారు. 44 అంటే గుండు లావు, అంగుళంలో సుమారు 44 శాతం. 40 అంటే అందులో నింపిన మందు బరువు, 40 గ్రెయిన్లు. మన లెక్కలో రెండున్నర గ్రాములకు కాస్త పైన.

ఆ రోజుల్లో అమెరికా పడమటి పల్లెలకు అంగడి చాలా దూరం. పేలాక మిగిలిన ఇత్తడి డొల్లను ఎవరూ పారేసేవారు కాదు. దాన్నే మళ్లీ నింపుకునేవారు. అందుకే వించెస్టర్ కంపెనీ రైఫిళ్లతో ఆగకుండా, గుండ్లు పోసే మూసలూ, తూటాలు నింపే పనిముట్లూ కూడా అమ్మింది. ఆ అవసరం నుంచి పుట్టిన పనే ఇవాళ ఒక అభిరుచిగా నిలిచింది.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. వట్టి సీసం మెత్తన. పైగా చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది కాబట్టి మూస అంచులు పదునుగా రావు. అందుకని తగరం, అంటిమొనీ కలుపుతారు. తగరం వల్ల లోహం మూస మూలమూలకూ పారుతుంది. అంటిమొనీ వల్ల గట్టిపడుతుంది, ముడుచుకోవడం తగ్గుతుంది. ఈ మూడూ కలిసిన లోహాన్ని మన పెద్దలు చేత్తో పట్టుకున్నారు. పాత తెలుగు ముద్రణాలయాల్లో కంపోజిటర్లు పేర్చిన అచ్చు అక్షరాలు ఈ కలయికతో పోసినవే. అక్షరం కొమ్ముకూ గుండు అంచుకూ కావలసిన గుణం ఒకటే. అమెరికాలో లైనోటైప్ యంత్రాలు మూలపడినప్పుడు గుండ్లు పోసేవాళ్లు ఆ తుక్కు లోహం కోసం అచ్చాఫీసుల చుట్టూ తిరిగారు.

మూసలోంచి గుండు ఊడిపడితే పని అయిపోయినట్టు కాదు. అసలు పని అక్కడే మొదలు.

రైఫిల్ గొట్టం లోపల మెలితిరిగిన గాళ్లుంటాయి. గాడికీ గాడికీ నడుమ మిగిలిన ఎత్తును పొలంగట్టు అనుకోండి. ఆ గట్లు గుండును పట్టి తిప్పుతాయి. గుండు ఎదురెదురు గాళ్ల అడుగుల మధ్య కొలత కంటే ఒకటి రెండు వెయ్యో వంతులు లావుగా ఉంటే గొట్టాన్ని నిండుగా మూస్తుంది. సన్నబడితే వేడి వాయువు సందులోంచి దూసుకుపోతూ సీసాన్ని కోసేస్తుంది. ఆ సీసం గొట్టానికి పూతలా అంటుకుంటుంది, గురి చెదిరిపోతుంది.

మరి లావు గుండే మేలు కదా? చిక్కంతా ఇక్కడే ఉంది. గుండు ఒంటరిగా వెళ్లదు, ఇత్తడి డొల్ల మూతిలో కూర్చుని వెళుతుంది. ఆ రెండూ కలిసి గొట్టం వెనుక ఉండే తూటా గదిలో పట్టాలి. పాత 44-40 గుండు లావు 427 వెయ్యో వంతులు. ఇవాళ తయారయ్యే ఆ రైఫిల్ నకళ్లలో చాలావాటికి 44 మాగ్నం అనే మరో తూటాకు సరిపడే గొట్టం వేస్తారు, దానికి గాడి కొలత 429. గొట్టం 430 గుండు అడుగుతుంది, గది పాత కొలతలోనే ఉంటుంది. ఇత్తడి గోడ ఒక్కో పక్క ఏడు వెయ్యో వంతులనుకుందాం. 430కి 14 కలిపితే 444. గది మెడ కూడా సరిగ్గా 444 అయితే తూటా దూరదు. బలవంతాన దూర్చినా, పేలినప్పుడు గుండును వదలడానికి డొల్ల మూతికి విచ్చుకునే చోటు ఉండదు. ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. బోల్టు రైఫిల్‌కున్న బిగింపు బలం లీవర్‌కు లేదు. కొంకి మూసుకోకపోతే దాన్ని మోటుగా లాగకూడదు, కొలత తప్పిందని గ్రహించాలి.

అందుకని పనిమంతుడు ముందు తన తుపాకీని కొలుస్తాడు. నూనె రాసిన గొట్టంలోంచి మెత్తటి సీసపు ముక్కను దూర్చి తీసి, మైక్రోమీటర్‌తో గాడి లావు చూస్తాడు. తూటా గదిలో సెరోసేఫ్ అనే లోహం పోస్తాడు. అది మరిగే నీళ్ల వేడికి కూడా కరుగుతుంది. గట్టిపడగానే కొద్దిగా ముడుచుకుంటుంది కాబట్టి తేలిగ్గా ఊడివస్తుంది, గంట గడిచేసరికి మళ్లీ గది అసలు కొలతకు చేరుతుంది. గది రూపం అరచేతిలోకి వచ్చినట్టే.

ఇక దారులు వెతకాలి. పలుచటి గోడ డొల్లలు వాడవచ్చు. గుండును సైజు చేసే అచ్చులోంచి నెట్టి 429కో, 428కో తగ్గించి, లోహాన్ని మెత్తగా ఉంచవచ్చు. మెత్తటి గుండు పేలుడు ఒత్తిడికి ఉబ్బి గాళ్లను నింపుతుంది. ఇంకో మోసం కూడా ఉంటుంది. గట్టి డొల్ల మూతి మెత్తటి గుండును నొక్కి సన్నబరుస్తుంది. బయట కొలిచినప్పుడు సరిగ్గా ఉన్నది లోపలికెళ్లాక తప్పుతుంది. అందుకే కూర్చోబెట్టిన గుండును ఒకసారి బయటకు లాగి మళ్లీ కొలుస్తారు. గొట్టానికి సీసం అంటకుండా గుండు నడుము గాళ్లలో తేనెమైనం కలిపిన కందెన పూస్తారు. గుండు ముక్కు చదునుగా ఉండాలి. ఎందుకంటే ఈ రైఫిల్ కింది గొట్టంలో తూటాలు ఒకదాని వెనుక ఒకటి నిలుస్తాయి, వెనుకదాని ముక్కు ముందుదాని అడుగున దెబ్బకు పేలే మందుబిళ్లకు ఆనుతుంది.

ఈ పనికి భయభక్తులు కావాలి. కరిగిన సీసంలో ఒక్క నీటిచుక్క పడితే ఆవిరై లోహాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. సీసం ఒంట్లో చేరితే విషం కాబట్టి గాలాడే చోట పోయాలి, చేతులు కడగందే అన్నం ముట్టకూడదు. సీసపు గుండు తగిలిన జంతువు కళేబరాన్ని తిని కాండోర్ అనే పెద్ద రాబందులు చనిపోతున్నందుకు, కాలిఫోర్నియా 2019 జూలై నుంచి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించింది. నేనైతే ఆ నిర్ణయం మంచిదే అంటాను. ఈ విద్య కాగితపు గురి మీద నిలిచినా దాని గొప్పతనం తగ్గదు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. మనం దీన్ని ఒక చేతిపనిగా తెలుసుకుంటే చాలు.

చివరి పరీక్ష నాకు ఎంతో ఇష్టం. మందు, మందుబిళ్ల లేని ఉత్తుత్తి తూటా ఒకటి చేసి, గుండుకు కొవ్వొత్తి మసి పట్టిస్తారు. దాన్ని గదిలోకి జారవిడిచి తీసి, మసి ఎక్కడ చెరిగిందో చూస్తారు. చెరిగిన చోటే తగులుతున్న చోటు. అక్కడ ఒక వెయ్యో వంతు దిద్ది మళ్లీ జారవిడుస్తారు. ఎన్ని సాయంత్రాలు పట్టినా సరే, బొటనవేలితో నొక్కకుండా తన బరువుకు తానే లోపలికి దిగి, తుపాకీ వంచితే తానే బయటకు జారే దాకా దిద్దుతూనే ఉంటారు.