ధ్వని, కాంతి: పదార్థంలో వాటి ప్రయాణం

1. ఆధారం

గంట మోగినప్పుడు దాని అంచు కంపించి, ఆనుకుని ఉన్న గాలి పొరను నెడుతుంది. ఆ పొర తన పక్క పొరను నెడుతుంది. గాలి అణువులు తమ చోటనే కాస్త ఊగిసలాడతాయి. చెవిదాకా సాగివచ్చేది ఒత్తిడిలోని మార్పు మాత్రమే. గాలి లేకపోతే ఈ వరుస తెగిపోతుంది. గాజు పాత్రలో గడియారాన్ని వేలాడదీసి గాలి తోడేస్తే దాని చప్పుడు వినిపించకుండా పోతుందని రాబర్ట్ బాయిల్ 1660లో ప్రకటించారు. చప్పుడు ఆగినా గడియారం కనిపిస్తూనే ఉంటుంది. అంటే శూన్యం ధ్వనిని ఆపింది, కాంతిని ఆపలేదు.

కాంతి విద్యుదయస్కాంత తరంగమని 1865లో మాక్స్‌వెల్ సిద్ధాంతీకరించారు. దానికి యానకం అక్కర్లేదు. శూన్యంలో దాని వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లు. ధ్వని పదార్థం వల్లనే నడుస్తుంది. కాంతి పదార్థం ఉన్నా నడుస్తుంది. మిగిలిన తేడాలలో చాలావాటికి మూలం ఇదే.

2. ధ్వని వేగం

ధ్వని వేగాన్ని రెండు గుణాలు నిర్ణయిస్తాయి. ఒకటి, నొక్కితే ఎదురు తిరిగే స్థితిస్థాపకత, రెండోది సాంద్రత. మొదటిది వేగాన్ని పెంచుతుంది, రెండోది తగ్గిస్తుంది. 1687లో న్యూటన్ ఈ పద్ధతిలోనే లెక్క కట్టారు గాని, గాలిలో అసలు వేగం కంటే ఆరో వంతు దాకా తక్కువ వచ్చింది. ధ్వని తరంగం గాలిని నొక్కినచోట పుట్టే వేడి బయటికి పోయే వ్యవధి ఉండదని గుర్తించి లాప్లాస్ ఆ లెక్కను సరిచేశారు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు సాగుతుంది. అదే ఉష్ణోగ్రతలో హీలియంలో దాదాపు 1000 మీటర్లు. రెండు వాయువులూ నొక్కుడుకు దాదాపు సమానంగానే ఎదురు తిరుగుతాయి. హీలియం తేలిక కావడమే ఈ తేడాకు ప్రధాన కారణం.

సాంద్రత ఎక్కువైతే ధ్వని వేగం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నీటి లెక్క చూస్తే ఈ పొరపాటు తొలగుతుంది. నీరు గాలి కంటే సుమారు 800 రెట్లు సాంద్రమైనది. కాని నొక్కుడుకు సుమారు 15,000 రెట్లు గట్టిగా ఎదురు తిరుగుతుంది. సాంద్రత వల్ల జరిగే నష్టాన్ని ఈ గట్టిదనం పూడ్చి ఇంకా మిగులుతుంది. అందుకే నీటిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 1480 మీటర్లు. 1826లో జెనీవా సరస్సులో కొలాడన్, స్టర్మ్ దీనిని కొలిచారు. నీటిలో గంట కొట్టిన క్షణానే ఒక పడవ మీద మందుగుండు వెలిగేది. దూరాన మరో పడవలో ఉన్నవారు ఆ వెలుగు చూసి, శబ్దం చేరేదాకా కాలం లెక్కించేవారు. 8 డిగ్రీల నీటిలో 1435 మీటర్ల వేగం తేలింది.

ఉక్కులో ఈ వేగం దాదాపు 5900 మీటర్లు. ఘనపదార్థం నొక్కుడునే కాక పక్కకు జరిపే ఒత్తిడిని కూడా ఎదిరిస్తుంది. కాబట్టి దానిలో అనుదైర్ఘ్య తరంగాలతో పాటు తిర్యక్ తరంగాలూ సాగుతాయి. ద్రవాలలో తిర్యక్ తరంగం సాగదు. భూకంపాల తిర్యక్ తరంగాలు భూమి కేంద్రభాగాన్ని దాటి రావడం లేదన్న ఆధారంతో, అది ద్రవమన్న నిర్ణయం 1926లో జెఫ్రీస్ పరిశోధనతో స్థిరపడింది.

3. కాంతి వేగం

పారదర్శక పదార్థంలో కాంతి ప్రవేశించగానే దాని విద్యుత్ క్షేత్రం అక్కడి ఎలక్ట్రాన్లను ఊపుతుంది. ఊగే ఎలక్ట్రాన్లు తామూ చిన్న తరంగాలను వెలువరిస్తాయి. ఇవన్నీ కలిసి ఏర్పడే తరంగం శూన్యంలోని తరంగం కంటే వెనకబడుతుంది. పౌనఃపున్యం మారదు, తరంగదైర్ఘ్యం తగ్గుతుంది. నీటిలో వేగం సెకనుకు సుమారు 2,25,000 కిలోమీటర్లు, మామూలు గాజులో 2,00,000, వజ్రంలో 1,24,000. నీటిలో కాంతి నెమ్మదిస్తుందని 1850లో ఫూకో ప్రయోగంతో తేల్చారు. కాంతిని కణాల ప్రవాహంగా భావించిన కణ సిద్ధాంతం ప్రకారం నీటిలో దాని వేగం పెరగవలసి ఉంది. తరంగ సిద్ధాంతానికి అది గట్టి గెలుపు.

గాజులో ఎరుపు కంటే ఊదా రంగు మరికాస్త నెమ్మది. పట్టకంలో రంగులు విడిపోవడానికి కారణం ఇదే. లోహాలలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు కాంతిని వెనక్కి కొడతాయి. అందుకే ధ్వనిని చక్కగా మోసే ఉక్కు, కాంతిని లోపలికి రానివ్వదు.

4. హద్దుల దగ్గర

వేగం మారితే దారి వంగుతుంది. తరంగం ఎప్పుడూ నెమ్మదైన వైపుకే మొగ్గుతుంది. చల్లని గాలిలో ధ్వనీ కాంతీ రెండూ నెమ్మదే. ఎండకు కాగిన నేల మీద వేడి గాలి కింద, చల్లని గాలి పైన ఉంటాయి. ఆకాశం నుంచి నేల వైపు వాలిన కిరణాలు తిరిగి పైకి వంగి ఎండమావిగా కనిపిస్తాయి. ధ్వని కూడా అలాగే పైకి వంగి, దూరాన నిలిచినవారికి అందదు. రాత్రి నేల చల్లబడితే వరుస తిరగబడుతుంది. ధ్వని కిందికి వంగి దూరపు రైలు కూత స్పష్టంగా వినిపిస్తుంది.

గాలికీ నీటికీ మధ్య ఈ రెండూ వేరుపడతాయి. నీటిలో కాంతి నెమ్మదిస్తుంది, ధ్వని వేగం పుంజుకుంటుంది. సంపూర్ణాంతర పరావర్తనం, అంటే హద్దు దాటకుండా పూర్తిగా వెనక్కి మళ్లడం, కాంతికి నీటి నుంచి గాలికి వచ్చేటప్పుడు, పతన కోణం సుమారు 49 డిగ్రీలు దాటితే జరుగుతుంది. ధ్వనికి గాలి నుంచి నీటికి పోయేటప్పుడు, 13 డిగ్రీలు దాటగానే జరుగుతుంది. తిన్నగా పడిన ధ్వని శక్తిలోనూ వెయ్యికి ఒక పాలు మాత్రమే నీటిలోకి దిగుతుంది. కాంతిలో నూటికి 98 పాళ్లు దిగుతాయి. అల్ట్రాసౌండ్ పరీక్షకు ముందు చర్మం మీద జెల్ పూసేది మధ్యన గాలి పొర మిగలకుండా చూడడానికే.

5. ఎంత దూరం

సముద్రంలో వెయ్యి మీటర్ల లోతు దాటితే సూర్యకాంతి చేరదు. చాలా సముద్రాలలో దాదాపు అదే లోతున ధ్వని వేగం కనిష్ఠంగా ఉంటుంది: పైన నీటి వెచ్చదనం, కింద ఎక్కువైన ఒత్తిడి ఆ వేగాన్ని పెంచుతాయి. నెమ్మదైన పొర వైపుకే మొగ్గే ధ్వని ఆ లోతులోనే చిక్కుకుని వేల కిలోమీటర్లు సాగుతుంది. నీటిలో కాంతి కంటే ధ్వనే దూరం సాగుతుంది కాబట్టి సోనార్ ధ్వని మీద ఆధారపడింది.

కాంతికి అలాంటి దారి మనిషి తయారుచేశాడు. గాజులోని మలినాలను తొలగిస్తే కాంతి చాలా దూరం పోతుందని 1966లో చార్ల్స్ కావ్ చూపారు. నేటి ఆప్టికల్ ఫైబర్‌లో 15 కిలోమీటర్లు సాగాక కూడా సగం కాంతి మిగులుతుంది.

6. రెండూ కలిసిన చోట

ద్రవంలో అతిధ్వని (అల్ట్రాసౌండ్) సాగేటప్పుడు ఒత్తిన పొరలు, వదులు పొరలు వరుసగా ఏర్పడతాయి. వాటిలో కాంతి వేగం కొద్దిగా మారడంతో అడ్డంగా పంపిన కాంతి అనేక కిరణాలుగా విడిపోతుంది. 1932లో బయటపడ్డ ఈ వివర్తనానికి 1935–36లో సి.వి. రామన్, నాగేంద్రనాథ్ సంపూర్ణ సిద్ధాంతం ఇచ్చారు. రామన్‌తో కలకత్తాలో పనిచేసిన సూరి భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అతిధ్వనులతో స్ఫటికాల గట్టిదనాన్ని కొలిచే పరిశోధన నడిపారు. వజ్రపు స్థితిస్థాపక గుణకాలను కొలిచి, భీమసేనాచార్‌తో కలిసి 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించారు. కాంతిని అంతగా నెమ్మదింపజేసే వజ్రంలోనే ధ్వని సెకనుకు 12 కిలోమీటర్లకు మించి పరుగెడుతుంది.

అణువుల మధ్య బంధం ఎంత బిగువో ధ్వని వేగం చెబుతుంది. ఎలక్ట్రాన్లు ఎంత సులువుగా కదులుతాయో కాంతి వేగం చెబుతుంది. పాఠశాలల్లో ఈ రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి, ఒకే పదార్థంతో ప్రయోగాలు చేయించి బోధించాలి.