తగవు – దండుగ – అర్జీ

తెలుగువారి నోట జరిమానాకు రెండు పాతపేర్లు కలవు. ఒకటి తప్పు, రెండవది దండుగ. “పెద్దలు వానికి తప్పు వేసినారు” అందుము. చేసిన అపరాధమునకును, దానికై కట్టవలసిన సొమ్మునకును ఒకటే పేరు. దండుగ యన్నను మొదట దండనగా పుచ్చుకొను ధనమే. కాలక్రమమున ఆ మాటకు వ్యర్థమైన వ్యయమను అర్థము స్థిరపడినది. ఏ తరముననో జరిమానా కట్టి ఇంటికి వచ్చిన రైతు నిట్టూర్పు ఆ మాటలో నిలిచిపోయినదేమో యనిపించును.

మేము బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల పల్లెలకు కార్యక్రమములపై వెళ్లినప్పుడు, సభ ముగిసి మైకు కట్టివేసిన తరువాత ఎవరో ఒకరు మమ్ము ప్రక్కకు పిలిచి అడుగు ప్రశ్న ఒకటి యున్నది. “అయ్యా, చిన్న తగాదా వచ్చింది. జుల్మానా పడింది. తగ్గించమని ఎవరికి అర్జీ పెట్టుకోవాలండీ?” చిన్న ప్రశ్నయే గాని, దీనికి ఒక్కమాటలో సమాధానము లేదు. జరిమానా వేసిన చేయి ఎవరిదో ముందు తెలియవలెను. ఆ చేతికి పైన వినగల చెవి ఏదో తరువాత వెదకవలెను. ఈనాటి ప్రసంగములో మేము మనవి చేయదలచినది ముఖ్యముగా ఈ చేతిని, ఈ చెవిని గురించియే.

అర్జీ పెట్టుకొనుట బందరునకు క్రొత్త కాదు. ఆంగ్లవర్తకులు 1611లో ఈ రేవున దిగి వర్తకస్థానము నెలకొల్పుకొనిరి. కొన్నేండ్లకు స్థానికాధికారులతో తగవులు ముదిరినవి. వారి వసూళ్లకు తాళలేక ఆ వర్తకులు 1628లో రేవు విడిచి, దక్షిణమున దుగరాజపట్నము చెంతనున్న ఆర్మగానునకు తరలిపోయిరి. 1630లో మరల వచ్చిరి. 1632లో గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా వారికొక ఫర్మానా దయచేసెను. సాలుకు 500 వరహాల సుంకము చెల్లించి తన రాజ్యపు రేవులలో నిరాటంకముగా వ్యాపారము చేసికొనవచ్చునని దాని సారాంశము. బంగారు ఫర్మానా యని చరిత్రలో ప్రసిద్ధికెక్కినది ఇదియే.

ఈ కథలో మనము గమనింపవలసిన దొకటి యున్నది. రేవు అధికారి మోపిన భారమును రేవు అధికారి దింపలేదు. అతనికి పైనున్న ప్రభువు దింపెను. అయితే ఆ వర్తకులకు ఓడలున్నవి. మాట చెల్లనినాడు ఎక్కి పోగలరు. ఆ రేవుననే వల అల్లుకొను పల్లెవానికిని, బట్టపై అద్దకము వేయు పనివానికిని ఓడ లేదు. వారికి గోలకొండ చాల దూరము.

కుంఫిణీవారి కాలమున ఆ దూరము తగ్గినదా? 1816లో చెన్నపట్నపు ప్రభుత్వము చేసిన పదునొకండవ రెగ్యులేషను గ్రామాధికారికి చిల్లర తగాదాలలో శిక్షించు అధికార మిచ్చినది. తిట్లకును, చిన్న కొట్లాటలకును నేరస్థుని పండ్రెండు గంటలకు మించకుండ చావడిలో నిర్బంధింపవచ్చును. క్రింది కులములని వ్రాయబడిన వారినైతే బొండకొయ్యలో బిగింపవచ్చును. ఒకే తిట్టునకు కులమును బట్టి రెండు శిక్షలు! పండ్రెండు గంటల శిక్షపై అర్జీ వ్రాయించి బందరు పంపునంతలో ఆ శిక్ష కాస్తా ముగిసియే పోవును. పైఅధికారి కాగితముపై నున్నాడు గాని, బొండలోనున్నవానికి లేనట్లే. గ్రామమునసబు, కరణముల వంశపారంపర్యపు ఉద్యోగములు 1984లో రద్దయినవి. రద్దు చేసిన ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావుగారు గుడివాడకు చేరువనున్న నిమ్మకూరున పుట్టినవారే.

ఇక ఊరిపెద్దల మాట. కులపెద్దలు, ఊరిపెద్దలు రచ్చపై కూర్చుండి తగవు తీర్చుట తగనిపనియని మేమనము. ఖర్చు లేదు, వకీలు లేడు, వాయిదా లేదు. ఉదయమున కొట్టుకొన్నవారు సాయంకాలమునకు మాటలాడుకొనుటయు కలదు. వసూలైన తప్పుసొమ్ము గుడికో, ఉత్సవమునకో చేరును. కాని ఆ తీర్పు నచ్చనివాని గతి యేమి? సముద్రతీరపు పల్లెలలో దురాయి అను మాట వినని వారుండరు. కట్టుబాటు మీరినవానితో ఊరిలో ఎవరును మాటలాడరాదు. వానిని వేటకు తీసికొనిపోరాదు. దుకాణమున సరకు ఈయరాదు. పలుకరించినవానికి సైతము తప్పు పడును. తగవులో పడిన తప్పు రూపాయలలో ఉండును. దానిని కట్టను అన్నందుకు పడిన శిక్ష మాత్రము ఇంటిల్లిపాది బ్రతుకును పట్టుకొనును. చేయి యున్నది, పైన చెవి లేదు. దోషమంతయు అక్కడనే యున్నది.

ఒక యుదాహరణము తీసికొందము. దివిసీమ కృష్ణానది రెండు పాయల నడుమనున్న లంకసీమ. పులిగడ్డ అక్విడక్టు దాటి వచ్చిన నీరు అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు శివారు పొలములకు చేరవలెను. ఊడ్పుల రోజులవి. నారు ముదిరిపోవుచున్నది. వంతు నాదని ఒకడు, కాదు నాదని ఇంకొకడు తూము దగ్గర నిలిచినారు. వీడు బోదెకు అడ్డుకట్ట వేసినాడు. వాడు గండి కొట్టినాడు. మాటకు మాట, పారకు పార. ఒకని తల చిట్లినది. ఈ ఒక్క తగవులోనే మూడు చేతులు మూడు జరిమానాలు వేయుటకు అవకాశమున్నది.

మొదటిది నీటి జరిమానా. అనుమతి లేక కాలువనీరు వాడుకొన్నవానిపై పన్నునకు మించి వేయు హెచ్చుమొత్తమును మన రెవిన్యూ భాషలో తీర్వజాస్తి యనిరి. వెనుకటి రోజులలో రైతులు జమాబందీనాడు లెక్కలు తనిఖీ చేయవచ్చిన అధికారి యెదుట నిలిచి దానిని తగ్గింపుమని కోరుకొనెడివారు. ఇట్టి భారముపై అర్జీ రెవిన్యూ మార్గముననే నడువవలెను. తహసీల్దారు వేసినదానిపై డివిజను అధికారికిని, ఆపైన కలెక్టరునకును మొర పెట్టుకొనవలెను.

రెండవది పెద్దలు వేసిన తప్పు. చట్టప్రకారము జరిమానా విధించు అధికారము వారికి లేదు. ఇష్టపడి ఇచ్చిన సొమ్ము వేరు; వెలివేసి కక్కించిన సొమ్ము వేరు. అట్టి నిర్బంధము కలిగినచో పోలీసువారికిని, కలెక్టరునకును ఫిర్యాదు చేసికొనవచ్చును. మచిలీపట్నమున జిల్లా న్యాయసేవాధికార సంస్థ యున్నది. స్త్రీలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, తుపాను వరదల వంటి విపత్తులకు గురియైనవారు మున్నగువారికి 1987 నాటి చట్టము ఉచితముగా న్యాయసహాయ మిచ్చుచున్నది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన సీమకు ఈ చివరి మాట విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

మూడవది న్యాయస్థానము వేసిన జరిమానా. పొరపాట్లు ఎక్కువగా జరుగునది ఇక్కడనే. సోమవారమునాడు కలెక్టరు కార్యాలయమున అర్జీలు పుచ్చుకొందురు గదా యని కొందరు కోర్టు జరిమానా కాగితము చేతబట్టుకొని అక్కడకు పోవుదురు. కోర్టుతీర్పును కలెక్టరు మార్చజాలడు. ఈలోపల అప్పీలు గడువు గడచిపోవును. మేజిస్ట్రేటు తీర్పుపై సెషన్సు న్యాయస్థానమునకు అప్పీలు చేసికొనుటకు గడువు 30 దినములు. మొదటి తరగతి మేజిస్ట్రేటు 100 రూపాయలకు మించని జరిమానా మాత్రమే వేసినచో అప్పీలు లేదు, రివిజను పెట్టుకొనవచ్చును. దానికి 90 దినముల గడువున్నది.

2024 జులై 1 నుండి భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. బహిరంగస్థలమున కొట్లాడి శాంతికి భంగము కలిగించినవారికి పాత శిక్షాస్మృతిలో గరిష్ఠమైన జరిమానా 100 రూపాయలు. క్రొత్త సంహితలో 1,000 రూపాయలు. కావలెనని గాయపరచినందుకు 1,000 రూపాయలుగా నున్నది 10,000 రూపాయలైనది. కావున “ఒప్పేసుకుంటే వంద కట్టి ఇంటికి పోవచ్చు” అను పాతకాలపు సలహా నేడు చెల్లదు. అంతకన్న ముఖ్యమైన సంగతి ఇంకొకటి. ఒప్పుకొనుట యనగా నేరస్థుడనని వ్రాసియిచ్చుట. రేపు ఆ యువకుడు కానిస్టేబులు ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టినప్పుడు ఆ కాగితము ఎదురుపడును. నేరము ఒప్పుకొన్నవానికి శిక్ష పరిమాణమును గూర్చియు, న్యాయసమ్మతమా కాదా యనుటను గూర్చియు తప్ప అప్పీలు లేదు.

జరిమానా న్యాయమైనదే, కాని చేతిలో సొమ్ము లేదు. అప్పుడేమి చేయవలెను? తీర్పు చెప్పిన దినముననే గడువు కోరవలెను. జరిమానా మాత్రమే విధించి, కట్టనిచో ఖైదు అన్నప్పుడు, న్యాయస్థానము మొత్తమును 30 దినములలో కట్టుమనవచ్చును. లేదా రెండు మూడు వాయిదాలుగా విభజింపవచ్చును. కట్టలేక జైలునకు పోయినను, మిగిలిన సొమ్ము చెల్లించిన క్షణమున ఆ ఖైదు ముగియును. అన్ని తలుపులు మూసికొనిన పిదప రాష్ట్రప్రభుత్వమునకు క్షమార్జీ పెట్టుకొనవచ్చును. ఖైదుశిక్షపై అట్టి అర్జీ పెట్టుటకు శిక్ష పడినవాడు వయసు వచ్చినవాడైనచో జైలులో నుండవలెను. జరిమానాపై పెట్టుటకు ఆ నియమము లేదు. అర్జీ వచ్చినప్పుడు తీర్పు చెప్పిన న్యాయాధికారి అభిప్రాయమును ప్రభుత్వము కోరవచ్చును. కనుక అక్కడ చెప్పని మాటను ఇక్కడ క్రొత్తగా కల్పించి చెప్పుట వలన లాభము లేదు.

ఇంతకు అర్జీ ఎట్లుండవలెను? వెనుకటి అర్జీలు “మహారాజరాజశ్రీ” అని ప్రారంభమై, సగము కాగితము దండప్రణామములతోనే నిండిపోయెడివి. నేటికిని కొందరు అర్జీ యనగా ఏడ్పు అనియే భావింతురు. అధికారి దయాళువు, తాను అనాథ, పిల్లలు పస్తులు, ఇంతటితో సరి. ఏ తేదీన, ఎవరు, ఎంత జరిమానా వేసినారో మాత్రము అందులో కానరాదు! చదువువానికి జాలి కలిగినను, చేయదగిన పని కనబడదు. తీర్పు తేదీ, కేసు నంబరు, జరిమానా మొత్తము, కట్టినదెంత, మిగిలినదెంత, ఆదాయమెంత, కోరునదేమి అను సంగతులు ఒక్క పుటలో ఇమిడిన అర్జీ పది పుటల విలాపము కన్న మేలు. తీర్పునకల జతపరుపవలెను. అర్జీ అందినట్లు రసీదు పుచ్చుకొనవలెను.

ఇంకొక్కటి. తన తప్పును దాచిన అర్జీ నిలువదు. “నేను దారిన పోవుచుండగా వాడు అకారణముగా నా పారమీద పడినాడు” అని వ్రాసినచో నవ్వు వచ్చునే గాని నమ్మకము రాదు. “నారు ఎండిపోవుచుండగా కోపము పట్టలేక నేనును చేయి చేసికొన్నాను, ఇది మొదటి తప్పు, ఇకమీదట ఇట్లు జరుగదు” అని వ్రాసిన వానికి దారి యున్నది. 1958 నాటి నేరస్థుల ప్రొబేషను చట్టము అట్టివానిని మందలించియో, సత్ప్రవర్తనకు హామీ పుచ్చుకొనియో విడిచిపెట్టు అధికారమును న్యాయస్థానమునకు ఇచ్చినది. దానిని శిక్ష పడకముందే అడుగవలెను.

ఇంతసేపు మనము పైచెవిని గురించి చెప్పుకొన్నాము. ముగించుటకు ముందు సమానమైన చేతిని గురించియు ఒక్క మాట. సామాన్యమైన గాయపు నేరమున రాజీకి అంగీకరించు హక్కు గాయపడినవానిదే. రాజీ కుదిరినచో ఆ నేరము విషయమున నిందితుడు నిర్దోషియైనట్లే. శిక్ష పడిన పిమ్మట అప్పీలు నడుచుచుండగా సైతము అప్పీలు వినుచున్న న్యాయస్థానపు అనుమతితో రాజీ పడవచ్చును. బహిరంగపు కొట్లాట నేరమునకు మాత్రము ఈ సౌకర్యము లేదు. అది ఊరి శాంతికి జరిగిన అపకారము గనుక ఒక్కడు మన్నించిన చాలదు. తక్కినచోట, అనగా జరిమానాకు మూలమైన గాయమును తుడిచివేయగల మొదటి అధికారి సెషన్సు జడ్జి కాదు, గవర్నరు కాదు. గట్టునకు ఆవలి పొలమువాడే. లోక్ అదాలతులో కుదిరిన రాజీపై అప్పీలు లేదు. తగవు అక్కడితో ముగియును.

గడువులోపల అర్జీ పెట్టుకొనుడు. తగినచోట పెట్టుకొనుడు. అది యాచన కాదు, హక్కు. అయితే ఆ కాగితము మడిచి బందరు బస్సు ఎక్కుటకు ముందు, ఒక్కసారి గట్టు దాటి ఆవలి యింటి అరుగు మీద కూర్చుండి చూడుడు. ఆ కాలువలో వచ్చే యేడును నీరు వచ్చును. అప్పుడును వంతులు ఇద్దరివే.