వెతికిపెట్టే చేతులు కావాలి

(విశ్రాంత ఉద్యోగుల సంఘం, ఉప్పల్–నాచారం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా డి.ఏ. బకాయిలు, పీ.ఆర్.సీ., వైద్యం బిల్లులు, నవంబరు రాగానే లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిల్లలకు, పంతుళ్లకు పనికివచ్చే చదువు సామగ్రి ఇంటర్నెట్‌లో ఉచితంగా ఎక్కడెక్కడ దొరుకుతుందో చెప్పమన్నారు. నేను ఉపాధ్యాయుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, రికార్డు రూముల దుమ్ములో జుట్టు నెరిసినవాణ్ణి. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే రెండేళ్లుగా ఈ పని చేస్తూ నేను గమనించిందేమిటంటే, సామగ్రి బోలెడు ఉంది, దానికి ఇండెక్సు లేదు. ఇండెక్సు రాయడం మన విద్య.

ముందు ఈ అవసరం ఎవరిదో చెబుతాను. మన నాచారం పారిశ్రామికవాడలో షెడ్డు పనికి వెళ్లే ఒక తండ్రి, కూతురి చదువు కోసమని ఒక కంపెనీవాళ్ల దగ్గర ట్యాబ్, అందులో పాఠాలు కొన్నాడు. ఇంటికి వచ్చి “ఉచిత పరీక్ష” పెట్టి, అమ్మాయి వెనకబడిందని భయపెట్టి, నెలవారీ వాయిదాల కాగితం మీద సంతకం చేయించుకున్నారు. వాయిదాలు జీతంలోంచి పోతున్నాయి, అమ్మాయి ట్యాబ్ ముట్టడం మానేసింది. ఆ పాఠాల్లో ఉన్నదంతా ప్రభుత్వం ఊరికే ఇస్తున్నదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆ అమ్మాయి స్కూలు సంచిలోనే తాళంచెవి ఉంది.

ఆ తాళంచెవి పాఠ్యపుస్తకంలో ముద్రించిన క్యూఆర్ కోడ్, అంటే నల్ల చుక్కల చతురస్రం. 2017 సెప్టెంబరు 5న, గురుపూజోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడుగారు “దీక్ష” అనే వేదికను ప్రారంభించారు. ఫోనులో దీక్ష యాప్ పెట్టుకుని, రాష్ట్రం, మాధ్యమం, తరగతి ఎంచుకుని, ఆ చతురస్రం మీద కెమెరా పెడితే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు తెరుచుకుంటాయి. ఎక్కడైనా కోడ్ పలకకపోతే పాఠం పేరు పెట్టి వెతకాలి. నేను కాంతి పరావర్తనం పాఠం తెరిచి చూపిస్తే ఆ అమ్మాయి, “తాతా, గిది మా బుక్కులనే ఉన్నదా?” అని అడిగింది. ఉన్నదమ్మా, అన్నాను.

ఇంకో సంగతి గమనించండి. తెలంగాణ సర్కారు బడుల్లో 2022–23లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. నిన్నటిదాకా తెలుగులో చదివిన పిల్ల ఒక్కసారిగా మారాలంటే ఇంట్లో పక్కన కూర్చునేవారు కావాలి. తల్లిదండ్రులు పనికి పోతారు. పక్కన కూర్చోవడానికి తీరిక ఉన్నది మనకే.

ఇక మిగిలినవి చెబుతాను. కాగితం, కలం ఉన్నవారు రాసుకోండి.

మొదటిది, పాఠ్యపుస్తకాలు. రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ వెబ్‌సైటులో పుస్తకాలు ఉచితంగా దింపుకోవచ్చు. పుస్తకం పోయిందని పిల్లవాడు ఏడవనక్కరలేదు. మనలో చాలామంది మనవలు అమెరికాలోనో, బెంగళూరులోనో ఉన్నారు. వారికి ఒకటో తరగతి తెలుగు వాచకం ఇక్కడినుంచే పంపవచ్చు.

రెండోది, టీ–శాట్. పూర్వపు “మన టీవీ” యే ఇది. విద్య, నిపుణ అని రెండు ఛానళ్లు. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, దూరదర్శన్ యాదగిరిలోనూ, టీ–శాట్‌లోనూ బడి పాఠాలు ప్రసారం చేశారు. టీ–శాట్ పాఠాలు యూట్యూబ్‌లోనూ దొరుకుతాయి. ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే పిల్లలు నిపుణ చూడాలి.

మూడోది, కాలేజీ పిల్లలకు. 2003లో ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి. 2017 జులై 9న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీగారు “స్వయం” ప్రారంభించారు. అక్కడ పాఠం వినడం ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ పొందాలంటే మాత్రం రుసుము ఉంటుంది. ఈ తేడా ముందే చెప్పాలి, లేకపోతే మోసమనుకుంటారు.

నాలుగోది, పంతుళ్లకు. చాలా బడుల్లో ప్రయోగశాల అంటే తాళం వేసిన గది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో, నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వీమన్ 2002లో “ఫెట్” అనే పని మొదలుపెట్టారు. బ్యాటరీ, తీగ, బల్బు తెరమీదే కలిపి చూడవచ్చు. తీగ తప్పుగా కలిపితే బల్బు వెలగదు, ఎందుకో పిల్లలే కనిపెడతారు. వాటిలో కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. చిన్నపిల్లలకు ప్రథమ్ బుక్స్ వారి “స్టోరీవీవర్” ఉంది. 2015లో వచ్చింది. బొమ్మల కథలు తెలుగులో చదవవచ్చు, అచ్చు వేసి పంచవచ్చు, మనమే అనువాదం చేసి చేర్చవచ్చు.

మన ఉప్పల్‌కు దగ్గరి చుట్టం ఒకటి చెబుతాను. సర్వే ఆఫ్ ఇండియా ఆవరణ ముందునుంచి మనం ఎన్నిసార్లు బస్సులో పోలేదు! 1767 నాటి ఆ సంస్థ తన పటాలను 2017 నుంచి ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇస్తున్నది. భూగోళం చెప్పే పంతులుకు, సొంత ఊరి చుట్టూ ఉన్న చెరువులు, గుట్టలు చూపించడానికి అంతకన్న మంచి పటం దొరకదు.

ఇప్పుడు నా మనసుకు దగ్గరైన సంగతికి వస్తాను. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డిగారు, లోకంలోని పుస్తకాలన్నీ అందరికీ ఉచితంగా అందాలని సంకల్పించారు. ఆ సంకల్పంలో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే పని నడిచింది. మన హైదరాబాదు ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద పాత్ర వహించింది. గ్రంథాలయాల్లో చెదలకు అప్పగించిన వేల తెలుగు పుస్తకాలను పేజీ పేజీ స్కాన్ చేశారు. ఆ పుస్తకాల్లో ఎన్నో ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే చోట భద్రంగా ఉన్నాయి.

అయితే చిక్కు ఎక్కడంటే, పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు ఎక్కించారు. “చరిత్ర” అనే ఒక్క మాటను ఒకరు ‘హెచ్’ పెట్టి, ఒకరు పెట్టకుండా, మరొకరు రెండుచోట్ల పెట్టి రాశారు. కొన్నిటికి రచయిత పేరే లేదు. మన రికార్డు రూములో ఫైలు ఉండి, కరెంటు నంబరు రిజిస్టరులో తప్పు పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ ఫైలు లేనట్టే లెక్క. అర్జీదారు పదిసార్లు తిరుగుతాడు. ఇక్కడ అర్జీదారు మన పిల్లవాడు. అందుకని ఒక పుస్తకం కోసం నాలుగు రకాల వర్ణక్రమాలతో వెతకాలి. ఇంత ఓపిక పదిహేనేళ్ల పిల్లవాడికి ఉండదు. మనకు ఉంది.

తెలుగు మాటకు అర్థం కావాలంటే ఆంధ్రభారతి వెబ్‌సైటులో పాత నిఘంటువులన్నీ ఒక్కచోట వెతకవచ్చు. బ్రౌన్ దొర నిఘంటువు షికాగో విశ్వవిద్యాలయం వారి దగ్గరా ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా సంగతి మీకు తెలుసు. అందులో ఎవరైనా రాయవచ్చు కనుక చదివినది మరోచోట సరిచూసుకోవాలి. ఐఐటీ ఖరగ్‌పూర్ వారు నడిపే జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని 2018లో జాతికి అంకితం చేశారు. ఇంతటితో జాబితా చాలిస్తాను.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి, “ఉచితం” అన్న మాటకు రెండర్థాలున్నాయి. చూడటం ఉచితం కావచ్చు, నకలు తీసి పంచడానికి అనుమతి లేకపోవచ్చు. మన దేశపు చట్టం ప్రకారం రచయిత మరణించిన తరవాత అరవై ఏళ్ల దాకా పుస్తకం మీద హక్కు ఉంటుంది. దాటితే అందరి ఆస్తి. ఈలోపు రచయితలే స్వయంగా అనుమతి ఇచ్చేందుకు “క్రియేటివ్ కామన్స్” అనే లైసెన్సులున్నాయి. నకలుకు అనుమతి ఉన్న పాఠ్య సామగ్రికి యునెస్కో సభలో 2002లో ఒక పేరు పెట్టారు. తెలుగులో స్వేచ్ఛా విద్యా వనరులు అనుకోవచ్చు. పేజీ అడుగున ఏ లైసెన్సు ఉన్నదో చూసి పంచండి. మనం నిబంధనల మనుషులం కదా!

రెండోది, నేను పైన చెప్పిన చోట్ల పాఠం చూడటానికి ఎవరూ బ్యాంకు ఖాతా నంబరు అడగరు. కొన్నిటిలో పేరు నమోదుకు ఫోనుకు ఓటీపీ వస్తుంది. దాన్ని మీరే తెరమీద నొక్కాలి. ఫోను చేసి ఎవరైనా ఓటీపీ చెప్పమంటే వెంటనే పెట్టేయండి. అది చదువు కోసం కాదు.

ఇక నేను చేస్తున్న పని చూపిస్తాను. ఇదిగో, రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు. అయిదు గడులు. క్రమసంఖ్య, తరగతి–పాఠం, ఎక్కడ ఉంది, ఏ భాష–ఎన్ని నిమిషాలు, చూసినవారి పొడి సంతకం–తేదీ–అభిప్రాయం. చివరి గడే ముఖ్యం. పూర్తిగా చూడకుండా ఏదీ ఎక్కించను. ఒకే పాఠానికి ఇరవై వీడియోలుంటే పిల్లవాడికి ఇరవై ఇవ్వకూడదు, బాగున్నది ఒక్కటి ఇవ్వాలి. చెప్పే విధానం బాగున్నదో లేదో నాకు తెలియనప్పుడు మన సంఘంలోని రిటైర్డ్ హెడ్మాస్టరుగారికి చూపిస్తాను. ఆయన ఒక్కొక్కసారి నా నోట్ మీద “పునఃపరిశీలించండి” అని రాస్తారు! నేటికి ఎనిమిదో తరగతి సైన్సు, లెక్కలు పూర్తయ్యాయి. దగ్గరి బడిలోని టీచరమ్మగారు వారానికి ఒకసారి వచ్చి తనకు కావలసిన పేజీ ఫోటో తీసుకుని పోతున్నారు. “సార్, వెతకడానికి నాకు రాత్రి పదకొండయ్యేది” అన్నారామె.

కాబట్టి నా విజ్ఞప్తి మూడు మాటల్లో చెబుతాను. ఒక్కొక్కరు ఒక తరగతి, ఒక సబ్జెక్టు తీసుకోండి. ఇంజనీరింగులో చేసినవారు లెక్కలు, సర్వేలో చేసినవారు భూగోళం, ఆఫీసు ఇంగ్లీషులో చేయి తిరిగినవారు ఇంగ్లీషు. రెండోది, సంఘం గదిని శని, ఆదివారాలు సాయంత్రం రెండు గంటలు పిల్లల కోసం తెరిచి ఉంచాలని తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. మూడోది, ఫోను చేతకాదని వెనకాడకండి. ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ పంపడం నేర్చుకున్న చేతులకు ఇది కష్టం కాదు. రానివారికి ఇంట్లో మనవలు నేర్పుతారు. వారికీ సరదా, మనకూ కాలక్షేపం.

మిత్రులారా, ఉప్పల్ రోడ్డు పొడవునా దేశం గర్వించే పరిశోధన సంస్థలున్నాయి. ఎన్‌జీఆర్‌ఐ ఉంది, సీసీఎంబీ ఉంది. ఆ గోడల అవతల పనిచేసే శాస్త్రవేత్తగా ఇవతలి బస్తీ పిల్ల ఎదగకూడదని ఏ జీవోలోనూ లేదు. ఆమెకు కావలసిన పాఠం తయారై ఉంది, డబ్బు అడగడం లేదు. తీసి చేతిలో పెట్టే మనిషే తక్కువ. ఆ ఖాళీ భర్తీకి నోటిఫికేషన్ అక్కరలేదు, వయోపరిమితి అసలే లేదు. ఆసక్తి ఉన్నవారు టీ తాగేటప్పుడు ఈ పుస్తకంలో పేరు, తరగతి రాసి సంతకం చేయండి.