టీవీ బొమ్మను దిద్దుకుందాం



కొత్త టెలివిజను ఇంటికి వచ్చిన రోజున దుకాణం తరఫున ఒక కుర్రవాడు వస్తాడు. గోడకు బిగిస్తాడు, తీగలు తగిలిస్తాడు, బొమ్మ పడగానే కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్ళిపోతాడు. ఆ బొమ్మ మన గదికీ మన కంటికీ సరిపోయిందా అని చూసేవారెవరూ ఉండరు. వెనుకటి టీవీలకైతే వెలుతురుకు ఒకటి, కాంట్రాస్టుకు ఒకటి మీటలు ఎదురుగానే ఉండేవి. పని మధ్యలో వచ్చి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, తిప్పి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడవన్నీ రిమోటులో "సెట్టింగ్స్" అనే గడప లోపలికి పోయాయి. "నీకు తెలీదు, ముట్టుకోకు" అన్న మాటకు జంకి మనలో చాలామందిమి ఆ గడప దాటడం లేదు.

పల్నాడులో, నకరికల్లులో మాకు వరసకు పిన్నిగారు ఒకరున్నారు. పగలంతా మిరప కల్లం పనులు చూసుకుని, రాత్రి కాసేపు సీరియల్ చూడడం ఆవిడకున్న సరదా. నరసరావుపేట నుంచి పెద్ద హెచ్.డి. టీవీ తెచ్చిన నెల్లాళ్ళకే, కళ్ళు మండుతున్నాయంటూ మధ్యలో లేచి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. వయసు మీదపడిందన్నారు ఇంట్లోవాళ్ళు. కంటి డాక్టరు చూసి కంట్లో లోపమేమీ లేదన్నారు. తీరా చూస్తే టీవీ "వివిడ్" అనే పద్ధతిలో మండిపోతూ ఉంది. గదిలో ఉన్నదేమో ఒక్క చిన్న దీపం. బొమ్మ వెలుతురు సగానికి తగ్గించాక పిన్నిగారు ఇప్పుడు సీరియల్ చివరిదాకా కూర్చుని చూస్తున్నారు.

ఈ "వివిడ్" ఎందుకు పెడతారంటారా? దుకాణంలో బోలెడన్ని దీపాల కింద టీవీలు వరసగా పెడతారు. వాటిలో ఏది కంటికి ఎక్కువ కొడితే అది ముందు అమ్ముడుపోతుంది. చీరల కొట్లో దీపాల కింద నచ్చిన చీరనైనా గుమ్మంలోకి తెచ్చి, పగటి వెలుతురులో రంగు చూసుకోనిదే మనం డబ్బు చెల్లించం గదా! టీవీకి కూడా ఆ పరీక్షే చేయాలి. కాకపోతే ఇది ఇంటికి తెచ్చుకున్నాక చేసే పరీక్ష.

మీరు రోజూ ఏ వేళకు చూస్తారో ఆ వేళకే, అదే దీపం వేసుకుని కూర్చోండి. టీవీ పెట్టి ఓ అరగంట గడవనివ్వండి. పక్కన ఒక కాగితం, పెన్ను ఉంచుకుని, ఇప్పుడున్న అంకెలు రాసుకోండి. ఏదైనా తారుమారైతే వెనక్కి పోవచ్చు. ముందుగా "పిక్చర్ మోడ్"లోకి వెళ్ళి "వివిడ్" తీసేసి "సినిమా" లేక "మూవీ" అన్నది పెట్టండి. కొన్నింటిలో "ఫిల్మ్‌మేకర్ మోడ్" అని ఉంటుంది. మొదట బొమ్మ పసుపు పూసినట్టు, డల్లుగా కనిపిస్తుంది. కంగారుపడకండి, రెండు మూడు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది. ఆ తర్వాత పాత పద్ధతికి మారిస్తే ఆ నీలపు జిగేలుమనడమే మీకు నచ్చదు.

తరువాత తెల్లటి బొమ్మ కళ్ళకు గుచ్చుకోకుండా ఉండేదాకా "బ్యాక్‌లైట్" తగ్గించండి. ఎల్.ఇ.డి. టీవీలో కరెంటు ఎక్కువగా తినేది ఇదే కనుక ఇది తగ్గితే ఖర్చూ తగ్గుతుంది.

ఇప్పుడొక నలుపు తెలుపు సినిమా పెట్టండి. 1957లో వచ్చిన మాయాబజార్ అయితే మరీ మంచిది. అందులో మార్కస్ బార్ట్లే పట్టిన వెన్నెల గురించి చెప్పుకోని వాళ్ళు లేరు. 2010లో రంగులు వేసి విడుదల చేసినది కాదు సుమండీ, పాతదే కావాలి. నల్లటి జుట్టులో పాయలు కలిసిపోయి ఒకటే ముద్దగా ఉంటే "బ్రైట్‌నెస్" కాస్త పెంచాలి. నలుపు బూడిదరంగుకు దిగితే తగ్గించాలి. తెల్లని బట్టల మీద మడతలు కనబడకపోతే "కాంట్రాస్ట్" తగ్గించాలి. నలుపు తెలుపు బొమ్మలో ఏ రంగూ ఉండకూడదు. తెలుపు మీద నీలిమందు ఎక్కువైన పంచెలాగా నీలిచాయ కనిపిస్తే "కలర్ టెంపరేచర్" అన్నచోట "వార్మ్" పెట్టండి.

ఇంకొకటి. పాత సినిమాలో మనుషులు పొట్టిగా, ముఖాలు వెడల్పుగా కనిపిస్తుంటే తప్పు వారిది కాదు. ఆ రోజుల్లో బొమ్మ నాలుగు పాళ్ళ వెడల్పు, మూడు పాళ్ళ ఎత్తు. నేటి తెరది పదహారుకు తొమ్మిది. సాగదీస్తే ముఖాలు సాగుతాయి. బొమ్మ సైజులో "4:3" గాని "ఒరిజినల్" గాని పెట్టండి. పక్కన నల్లటి పట్టీలు వస్తాయి. అవి లోపం కాదు.

రంగులకు పరీక్ష మనిషి ముఖమే. వార్తలు చదివే అమ్మాయి ముఖం జ్వరం వచ్చినట్టు ఎర్రగా ఉంటే "కలర్" తగ్గించండి. మన పల్నాటి వాళ్ళకు ఇంకో కొలత ఉంది: మిరప కల్లం. కల్లంలో కాయ కాయకూ ఎరుపు తేడా ఉంటుంది, తొడిమ ఉంటుంది, ముడత ఉంటుంది. తెరమీద అదంతా కుంకుమ పోసినట్టు ఒకటే ఎరుపుగా ఉంటే రంగు ఎక్కువైనట్టే. ఇక "షార్ప్‌నెస్" పెంచితే బొమ్మ స్పష్టమవుతుందనుకుంటాం. అది అంచుల చుట్టూ తెల్లగీత గీస్తుందంతే. అక్షరాల చుట్టూ ఆ గీత పోయేదాకా తగ్గించండి.

ఇక పెట్టె మీద రాసే 60 హెర్ట్జ్, 120 హెర్ట్జ్ సంగతి. దీన్ని రిఫ్రెష్ రేటు అంటారు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో విద్యుత్ ప్రభలు చూసే ఉంటారు. దీపాలు చక్రంలా గిర్రున తిరుగుతున్నట్టు ఉంటాయి. నిజానికి ఒక్క బల్బూ చోటు కదలదు. ఒకటి ఆరుతుంటే పక్కది వెలుగుతుంది, పరుగును మన కన్నే కల్పించుకుంటుంది. టీవీలోనూ అంతే. కదలని బొమ్మలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్తగా దిద్దుకోగలదో ఆ లెక్కే హెర్ట్జ్.

అయితే తెర ఎన్నిసార్లు దిద్దుకున్నా, వచ్చే బొమ్మలు ఎన్నో అన్నే. సినిమా తీసేది సెకనుకు 24 బొమ్మలతో. మన దేశంలో హెచ్.డి. చానళ్ళు సెకనుకు 25 బొమ్మల లెక్కన, ఒక్కొక్కటి రెండు సగాలుగా, 50 విడతల్లో పంపుతాయి. దీనికి 60 హెర్ట్జ్ తెర చాలు. మరి 120తో లాభమే లేదా అంటే, ఉంది. 24ను 120లో పంచితే బొమ్మకు సరిగ్గా అయిదేసి వంతులు వస్తాయి. 60లో పంచితే ఒకదానికి రెండు, ఒకదానికి మూడు. అందుకే ఇంటర్నెట్టులో సినిమా చూసేటప్పుడు కెమెరా మెల్లగా పక్కకు తిరిగితే బొమ్మ తడబడినట్టుంటుంది. పిల్లలు వీడియో ఆటలు ఆడే ఇంట్లో కూడా 120 పనికొస్తుంది. సీరియళ్ళకూ, వార్తలకూ మాత్రం దానికోసం వేలు పొయ్యనక్కరలేదు. కొన్ని పెట్టెల మీద "మోషన్ రేట్" వంటి పేర్లతో 240 అనీ ఇంకా ఎక్కువనీ పెద్ద అంకెలు వేస్తారు. అవి తెర అసలు అంకెలు కావు.

120 తెరల్లోనూ, మరికొన్నింటిలోనూ ఇంకో ఏర్పాటు ఉంటుంది. రెండు బొమ్మల మధ్య లేని బొమ్మను టీవీయే ఊహించి దూరుస్తుంది. క్రికెట్టులో బంతి నున్నగా పరుగెత్తుతుంది. సినిమా మాత్రం వీడియో తీసిన నాటకంలా ఉంటుంది. కదిలే చేతి అంచున నీళ్ళు తొణికినట్టు బొమ్మ చెదురుతుంది. సినిమా చూసేటప్పుడు దీన్ని ఆపుకోమని 2018 డిసెంబరులో హాలీవుడ్ నటుడు టామ్ క్రూజ్ ప్రత్యేకించి వీడియో చేసి ప్రజలకు చెప్పాడు. మరుసటి ఏడు ప్రకటించినదే ఇందాక చెప్పిన "ఫిల్మ్‌మేకర్ మోడ్"; ఈ ఊహాబొమ్మలు అందులో ఉండవు. మీ టీవీలో అది లేకపోతే సెట్టింగ్స్‌లో "మోషన్" అనే మాట ఎక్కడుందో వెతికి "ఆఫ్" చేయండి. క్రికెట్టుకు కావాలన్న వాళ్ళు మళ్ళీ పెట్టుకుంటారు.

ఈసారి టీవీ కొనబోయినప్పుడు మూడు మాటలు అడగండి. ప్యానెల్ అసలు రిఫ్రెష్ రేటు ఎంత? మన సెట్‌టాప్ బాక్సు హెచ్.డి.దేనా, అందులో మనం చూసే చానళ్ళు హెచ్.డి.లో వస్తాయా? మోషన్ ఏర్పాటును పూర్తిగా ఆపవచ్చునా? నాలుగో పని మీరే చేయండి. రిమోటు చేతికి తీసుకుని "వివిడ్" మార్చి చూపమనండి. ధర తేడా ఎంతవరకు న్యాయమో మీ కళ్ళే చెబుతాయి.

ఇదంతా ఒక సాయంకాలం గంటసేపు పని. దిద్దాక కూడా కళ్ళు మండుతుంటే మటుకు తాత్సారం చేయక డాక్టరుకు చూపించండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే దిద్దేటప్పుడు వారిని పక్కన కూర్చోబెట్టుకోండి; అందరికంటే ఎక్కువసేపు ఆ తెర ముందు ఉండేది వారే కదా.

సెలవు.