పడవ ఎక్కే ముందు



ఉగాది దాటింది. వేపపూత రాలుతున్నది. పిల్లలకు ఒంటిపూట బడి. మధ్యాహ్నం నుంచి ఇంట్లోనే ఉంటారు. ఉండి ఏం చేస్తారు? "ఎటన్నా తీస్కపోండి" అని అమ్మానాయినలను సతాయిస్తారు.

సైదాబాద్ బస్తీలో ఒక ఇల్లు అనుకోండి. తండ్రి మేస్త్రీ పని చేస్తాడు. తల్లి ఇంట్లోనే బట్టలు కుడుతుంది. రాత్రిపూట కేంద్రానికి పోయి చదవడం నేర్చుకున్నది. ఒక అవ్వ, ఒక ఆడపిల్ల, ఒక పిలగాడు. పిలగానికి పడవ ఎక్కాలని కోరిక.

"మూసీ మన దగ్గర్నే ఉన్నది కద నాయినా. గాడ ఎక్కుదాం" అన్నాడు.

అందరూ నవ్వారు. అవ్వ మాత్రం నవ్వలేదు.

మూసారాంబాగ్ దగ్గర మూసీ దాటేటప్పుడు మనం ముక్కు మూసుకుంటాం. కానీ ఈ నది పుట్టుకతో మురికిది కాదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టింది. 1908 సెప్టెంబరు 28న దీనికి పెద్ద వరద వచ్చింది. వేలమంది చనిపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉన్నది. ఆ రోజు దాని మీదికి ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. అట్లాంటి వరద మళ్ళీ రావద్దని ఊరికి పైన రెండు చెరువులు కట్టారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినాయి. వాననీళ్ళు అక్కడ ఆగినాయి. ఊరు పెరిగింది. ఇండ్ల మురికి, కార్ఖానాల మురికి నదిలోకి వచ్చింది. ఇక పడవ ఎక్కడ నడుస్తుంది?

అందుకే వాళ్ళు నాగార్జునసాగర్ పోదామనుకున్నారు. ఐ.ఎస్. సదన్, చంపాపేట, కర్మన్‌ఘాట్ మీదుగా పోయే రోడ్డును మనవాళ్ళు సాగర్ రోడ్డు అనే అంటారు. రోజూ చూసే రోడ్డే. దాని చివర ఏమున్నదో చూసినవాళ్ళు తక్కువ.

తల్లి రాత్రే పులిహోర కలిపి పెట్టింది. తెల్లారేసరికి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌కు చేరుకున్నారు. బస్సు బోర్డు ఆమే చదివింది. "ఇదే. ఎక్కుండ్రి" అన్నది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు కదా. ఆధార్ కార్డు చూపి తల్లి, అవ్వ, ఆడపిల్ల సున్నా టికెట్ తీసుకున్నారు. తండ్రికి మాత్రం డబ్బులు తప్పలేదు. "మగోళ్ళకు నష్టమే" అని గొణిగాడు. ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి దాటి బస్సు పోయింది. దాదాపు 150 కిలోమీటర్లు.

డ్యాము చూసి అవ్వ మాట్లాడకుండా నిలబడ్డది. 1955 డిసెంబరు 10న నెహ్రూ దీనికి పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. 26 గేట్లు ఉన్నాయి. పిలగాడు లెక్కపెట్టి 24 అన్నాడు. ఆడపిల్ల మళ్ళీ లెక్కపెట్టి సరిచేసింది.

"మన మూసీ ఈడికి వస్తదా?" అని అవ్వ అడిగింది.

రాదు. మూసీ ఇంకా కిందికి పోయి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

ఆటోలో వంతెన దాటి కుడిగట్టుకు, విజయపురి సౌత్‌కు పోయారు. నాగార్జునకొండకు పోయే పెద్ద పడవ అప్పుడే వెళ్ళిపోయింది. మళ్ళీ పడవకు చాలాసేపు ఆగాలి. ఎండ ముదురుతున్నది. అప్పుడు ఒకతను వచ్చాడు. కొంచెం దూరంలో తన ఇంజను పడవ ఉన్నదన్నాడు. తక్కువ డబ్బులకు ఒక చుట్టు తిప్పుతానన్నాడు. అప్పటికే అందులో జనం ఒకరినొకరు ఆనుకొని కూర్చున్నారు. పిలగాడు ఉరికాడు. తల్లి వాని చెయ్యి పట్టుకున్నది.

ఆమె పడవను ముందు నుంచి వెనక దాకా చూసింది. పేరు లేదు. నంబరు లేదు. ఎంతమంది ఎక్కాలో రాసి లేదు. లైఫ్ జాకెట్లు లేవు.

"దీని మీద ఒక్క అక్షరం లేదు" అన్నది.

పడవతను నవ్వాడు. "ఏళ్ళ తరబడి నడుపుతున్నానమ్మా. రాతలతో నడిచిద్దా పడవ?"

"రాత లేకుంటే నేను బస్సు గూడ ఎక్కలే అన్నా" అన్నది ఆమె.

తండ్రికి కోపం వచ్చింది. "గింత దూరం వచ్చి ఎక్కకుండ పోతమా? గంత మంది ఎక్కలేదా?" అన్నాడు. పిలగాడు ఏడ్చాడు. ఆమె కదలలేదు. తండ్రి పోయి చెట్టు కింద కూర్చుని బీడీ ముట్టించాడు. చాలాసేపు ఎవరూ మాట్లాడుకోలేదు. పడవ వెళ్ళింది. దానికేమీ కాలేదు, క్షేమంగానే తిరిగి వచ్చింది. "చూసినవా?" అన్నాడు తండ్రి.

అవును, చాలాసార్లు ఏమీ కాదు. అదే మనిషికి ధైర్యమిస్తుంది. 2017 నవంబరు 12న, కార్తీకమాసం ఆదివారం, విజయవాడ దగ్గర ఇదే కృష్ణలో ఒక పడవ బోల్తాపడింది. దానికి అనుమతి లేదు. ఇరవై మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ఇంకో పడవ మునిగింది. నది వరద మీద ఉన్నా పడవ బయలుదేరింది. 70 మందికి పైగా ఎక్కితే 26 మందే బయటపడ్డారు. దగ్గరి ఊళ్ళవాళ్ళు తమ పడవలు వేసుకొచ్చి వాళ్ళను కాపాడారు. పోయినవాళ్ళలో వరంగల్ దగ్గర కడిపికొండ నుంచి కలిసి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. వాళ్ళూ సరదాగా చూద్దామని బయలుదేరినవాళ్ళే.

పడవ ఎందుకు బోల్తాపడుతుంది? బరువు ఎక్కువైతే పడవ నీళ్ళలోకి దిగిపోతుంది. అంచుకూ నీళ్ళకూ మధ్య జానెడే మిగులుతుంది. చిన్న అలకే నీళ్ళు లోపలికి వస్తాయి. ఎవరో "అదిగో మొసలి" అంటారు. అందరూ ఒక్క పక్కకు ఉరుకుతారు. పడవ ఆ పక్కకు ఒరుగుతుంది. నిలబడి ఫోటో దిగేవాళ్ళతోనూ ఇదే బాధ.

లైఫ్ జాకెట్‌లో నీటికన్నా తేలికైన బెండు లాంటిది ఉంటుంది. అది మనిషి తలను నీటి పైన ఉంచుతుంది. కానీ పట్టీలు బిగించాలి. ఒళ్ళో పెట్టుకుంటే పనిచేయదు. పెద్దవాళ్ళది పిల్లలకు వేస్తే నీళ్ళలో పైకి జారిపోతుంది. పిల్లల కొలతది అడిగి తీసుకోవాలి.

రెండో పడవ వచ్చింది. ఎంతమంది ఎక్కాలో దాని మీద రాసి ఉంది. తల్లి చదివింది. ఎక్కేవాళ్ళను ఆడపిల్ల వేళ్ళ మీద లెక్కపెట్టింది. సరిపోయింది. అవ్వ "నాకు ఉక్కపోస్తది, వద్దు" అన్నది. కోడలు వినలేదు. చీర మీదనే జాకెట్ తొడిగి బిగించింది. అవ్వను చూసి తండ్రికి నవ్వు ఆగలేదు. అట్లా అలక పోయింది.

నీళ్ళ మధ్యన నాగార్జునకొండ. డ్యాము కట్టక ముందు ఇక్కడ లోయ ఉండేది. దాదాపు 1700 ఏండ్ల కింద ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఆ లోయలో ఉండేది. లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపారు. దొరికిన శిల్పాలను, కొన్ని కట్టడాలను కొండ మీదికి చేర్చారు. మ్యూజియంలో పెట్టారు. శుక్రవారం పోవద్దు, మూసి ఉంటుంది.

మ్యూజియంలో ఒక రాతి మీద చెక్కిన అక్షరాలు ఉన్నాయి. తల్లి ఆగి చూసింది. ఒక్క అక్షరమూ అందలేదు. తన చదువు ఇంకా చాలదేమో అనుకున్నది. పక్కన ప్యాంటు చొక్కా వేసుకున్న ఒకాయన నిలబడి ఉన్నాడు.

"ఏం రాసిండ్రన్నా?" అని అడిగింది.

"నాకూ రాదమ్మా. అది బ్రాహ్మీ లిపి" అన్నాడు ఆయన.

పిలగాడు వచ్చి తల్లి కొంగు గుంజాడు. తిరుగు పడవకు జనం వరుస కడుతున్నారు.