రికార్డులో దాగని విద్య

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమున పొలముపని చేసికొను జాన్ హర్ట్ అను నల్లజాతి గాయకుడు 1928లో బ్లూస్ మొదలగు జానపదగేయములను గిటారుపై వాయించి రికార్డు కిచ్చెను. ఆర్థికమాంద్యము రాగా లోక మాయనను మరచెను. ఒక పాటలో మాత్రము తన యూరు అవలాన్ అని చెప్పుకొనియుండెను. ఆ మాటను పట్టుకొని 1963లో ఒక అభిమాని పోయి చూడగా, వృద్ధుడైన హర్ట్ అచ్చటనే యుండెను.

బొటనవ్రేలు మంద్రతంత్రులపై లయ తప్పక నడచుచుండ, తక్కిన వ్రేళ్లు పైతంత్రులపై పాటను పలికించుట ఆయన బాణి. రికార్డు నాదమును దాచినది. వ్రేళ్ల నడక యెదుట కూర్చుండి చూచినగాని చక్కగా పట్టువడదు. 1966లో గతించులోపల ఆయన దానిని యువకులకు చూపెను.

ధ్వనిని భద్రపరచుట మా వృత్తి. అయినను చెప్పుచున్నాము: రికార్డు విద్యకు సాక్షి, గురువు చేయు పనిని అది చేయజాలదు. మీ యెరుకలో వృద్ధవిద్వాంసు డున్నచో, పిల్లలను ఆయన యెదుట నేడే కూర్చుండబెట్టుడు.